పసిపాప చెవిలో ఏం పడాలి? నారదుడి ఆశ్రమం నుంచి మన ఇంటి ఉయ్యాల దాకా



పోయిన వారం ప్రహ్లాద చరిత్ర వీడియో చూశాక చాలామంది అడిగిన ప్రశ్న దాదాపు ఒకటే. "మా ఆవిడకి ఏడో నెల. కడుపులో బిడ్డకి ఏ స్తోత్రం వినిపించాలి? రోజుకి ఎంతసేపు?" ఇంకొంతమందికి పాప పుట్టేసింది కూడా. విష్ణు సహస్రనామం ఫోన్లో పెట్టి రాత్రంతా ఉయ్యాల పక్కన వదిలేస్తున్నారట. అలా చేస్తే బుర్ర చురుగ్గా ఎదుగుతుందని ఎవరో చెప్పారట.

రెండు నిమిషాల వీడియోలో తేలే విషయం కాదిది, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. మా ఎడిటర్ తిట్టుకున్నా సరే, ముందే ఒక మాట చెప్పేస్తాను: ఏడాది నిండని పిల్లలకి మన ఛానెల్ వీడియోలు పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో భాగవతంలోనే ఉంది. ఈ మధ్య నలభై ఏళ్లలో పసిపిల్లల మీద జరిగిన పరిశోధనలూ దాదాపు అదే వైపు చూపిస్తున్నాయి.

సప్తమ స్కంధంలో ఈ కథ చెప్పేది ప్రహ్లాదుడే. గురుకులంలో తోటి రాక్షస పిల్లలు అడుగుతారు, "నువ్వూ మాతోనే చదువుతున్నావు కదా, ఇవన్నీ నీకెవరు చెప్పారు?" అని. అప్పుడు చెప్తాడు. హిరణ్యకశిపుడు మందర పర్వతానికి తపస్సుకి వెళ్లిన సమయం చూసి దేవతలు దండెత్తారు. ఇంద్రుడు గర్భవతిగా ఉన్న రాణిని లాక్కుపోతున్నాడు. సంస్కృత భాగవతంలో ఆమె పేరు కయాధువు, మన తెలుగువాళ్లకి లీలావతిగా అలవాటు. బిడ్డ పుట్టగానే చంపేసి తల్లిని వదిలేద్దామని ఇంద్రుడి ప్లాన్. దారిలో నారదుడు అడ్డుపడ్డాడు. ఆమెని విడిపించి తన ఆశ్రమానికి తీసుకెళ్లాడు. "నీ భర్త తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉండమ్మా, భయం లేదు" అన్నాడు.

మనం ఎప్పుడూ దీని తర్వాతి సీన్‌కి, అంటే ఉపదేశానికి, గెంతేస్తాం. కానీ నారదుడు చేసిన మొదటి పని ఉపదేశం కాదు. వణికిపోతున్న ఒక గర్భిణికి నీడ ఇచ్చాడు. ధర్మం, జ్ఞానం ఆ తర్వాత చెప్పాడు. అలా చెప్పేటప్పుడు "నన్ను కూడా ఉద్దేశించి" చెప్పాడంటాడు ప్రహ్లాదుడు. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి. గాల్లో ఏదో శబ్దం మోగుతుంటే బిడ్డ చెవిలో పడిపోయిందని అనలేదు. మాట్లాడుతున్న మనిషికి లోపల ఒకరు వింటున్నారని తెలుసు, ఆ వినేవాడి కోసమే మాట్లాడాడు. కాలం గడిచి తల్లి మర్చిపోయింది, ఋషి అనుగ్రహం వల్ల తను మర్చిపోలేదంటాడు ప్రహ్లాదుడు.

సరే, కడుపులో బిడ్డకి నిజంగా ఏం వినబడుతుంది? లోపలి చెవి సుమారు 24, 25 వారాలకి పనిచేయడం మొదలుపెడుతుంది. చుట్టూ నీరు, తల్లి శరీరం గోడలా ఉండడం వల్ల బయటి శబ్దంలో సన్నని, పదునైన భాగం చాలావరకు వడకట్టుకుపోతుంది. లోపలికి చేరేది ఎక్కువగా లయ, స్వరం పైకీ కిందకీ పోయే తీరు. పక్క గదిలో ఎవరో మాట్లాడుతుంటే మాటలు అర్థం కాకపోయినా మాట్లాడేది అమ్మో నాన్నో గుర్తుపడతాం చూశారా, ఇంచుమించు అలా. ఇందులో తల్లి గొంతుకి మాత్రం ప్రత్యేక దారి ఉంది. అది గాల్లోంచే కాకుండా ఆమె ఎముకలు, ఒంటి ద్వారా కూడా లోపలికి వెళ్తుంది. కాబట్టి పొట్ట మీద స్పీకర్ పెట్టాల్సిన పనేం లేదు. అక్కడ అంతకంటే మంచి కనెక్షన్ ఎప్పట్నుంచో ఉంది.

1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. మూడు రోజులు కూడా నిండని పసికందులకి చిన్న హెడ్‌ఫోన్స్ పెట్టి, నోట్లో ఒక పాలపీక పెట్టారు. పీకని ఒక రకంగా చప్పరిస్తే తల్లి గొంతు వస్తుంది, ఇంకో రకంగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వస్తుంది. ఆ పిల్లలు తల్లి గొంతు వచ్చేలా చప్పరించే తీరు మార్చుకున్నారు. ఆరేళ్ల తర్వాత డికాస్పర్, స్పెన్స్‌తో కలిసి ఇంకో అడుగు వేశాడు. గర్భిణులు చివరి ఆరు వారాలు ఒక పిల్లల కథని రోజూ పైకి చదివారు. పుట్టాక ఆ పిల్లలు, చదివేది వేరే ఆవిడైనా సరే, కొత్త కథకన్నా ఆ పాత కథవైపే మొగ్గు చూపారు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "చూశారా, సైన్స్ ప్రహ్లాదుడి కథని ప్రూవ్ చేసేసింది" అని థంబ్‌నెయిల్ పెట్టేయొచ్చు, బాగా వైరల్ కూడా అవుతుంది. కానీ అది నిజం కాదు. ఆ పిల్లలు గుర్తుపట్టింది లయని, స్వరాన్ని. అర్థాన్ని కాదు. కడుపులో బిడ్డకి వేదాంతం బోధపడుతుందని ఏ ల్యాబూ చెప్పలేదు. ప్రహ్లాదుడు కూడా అది తన గొప్ప అనలేదు, అనుగ్రహం అన్నాడు. నా భక్తికి ల్యాబ్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ల్యాబ్ చెప్పనిది చెప్పిందనడం నాకు ఇష్టం లేదు. అన్నట్టు, అభిమన్యుడు కడుపులో ఉండగానే పద్మవ్యూహం విన్నాడని, మధ్యలో సుభద్ర నిద్రపోయిందని మనందరం చెప్పుకునే కథ వ్యాసుడి ద్రోణ పర్వంలో అలా లేదు. అక్కడ అభిమన్యుడు ధర్మరాజుతో చెప్పేది ఒకటే: లోపలికి వెళ్లడం నాన్న నేర్పించాడు, బయటికి రావడం తెలియదు. మిగతాది జనం నోట పెరిగిన కథ.

మరి ఈ "వినిపిస్తే తెలివి పెరుగుతుంది" అనే పిచ్చి ఎక్కడ మొదలైంది? మన దగ్గర కాదు. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న పేపర్ వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం విన్నాక, ఆకారాలకి సంబంధించిన ఒక పరీక్షలో కాస్త బాగా చేశారు. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. అందులో ఒక్క పసిపాప కూడా లేదు, గమనించండి. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టే ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం సీడీ ఇవ్వాలని బడ్జెట్ అడిగాడు. తర్వాత పసిపిల్లల వీడియోల వ్యాపారం పుట్టుకొచ్చింది. 2007లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు పరిశీలిస్తే, 8 నుంచి 16 నెలల పిల్లల్లో అలాంటి వీడియోలు ఎక్కువ చూసేవాళ్లకి తెలిసిన మాటలు తక్కువగా ఉన్నాయి. వీడియోలే దానికి కారణమని ఆ ఒక్క సర్వేతో తేల్చలేం. లాభం మాత్రం కనిపించలేదు. అలాంటి వీడియోల్లో బాగా పేరున్న బేబీ ఐన్‌స్టీన్ డీవీడీలకి 2009లో డిస్నీ కంపెనీ డబ్బులు వెనక్కి ఇస్తామని ప్రకటించింది. మొజార్ట్ ఉన్న చోట మనం స్తోత్రం పెట్టుకున్నాం, అంతే. ప్యాకింగ్ మార్చినా లోపలి సరుకు అదే.

అసలు కీలకమైన ప్రయోగం 2003లో సియాటిల్లో ప్యాట్రీషియా కుల్ బృందం చేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనీస్ మాండరిన్ వినిపించారు, పన్నెండు సార్లు, ఒక్కోసారి సుమారు 25 నిమిషాలు. ఒక గ్రూపు పిల్లల ముందు మనిషి కూర్చుని బొమ్మలు చూపిస్తూ, కళ్లలోకి చూస్తూ మాట్లాడింది. ఇంకో గ్రూపుకి అవే మాటలు, అవే గొంతులు, టీవీలో. మరో గ్రూపుకి ఆడియో మాత్రమే. మనిషితో గడిపిన పిల్లలు మాండరిన్ అక్షరాల తేడాలు పట్టుకున్నారు. టీవీ, ఆడియో పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. ఆ భాష ఒక్కసారి కూడా వినని పిల్లలకీ వాళ్లకీ తేడా లేదు.

మా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, పసి మెదడుకి స్ట్రీమింగ్ సరిపోదు, రిక్వెస్ట్ పంపితే రెస్పాన్స్ రావాలి. పాప "ఊ" అంటే మీరు "ఊ... అవునా తల్లీ" అనాలి. పాప ఆగాలి, మీరు మాట్లాడాలి, మీరు ఆగాలి, తను కాళ్లు ఆడించాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే వినే నాడులు, మాటల నాడులు అల్లుకుంటాయి. ఫోన్ మాత్రం పాప నవ్వినా ఏడ్చినా తన పాట తను పాడుకుంటూ పోతుంది.

ఇది చదువుతుంటే నాకు దశమ స్కంధంలో గోపికలు గుర్తొచ్చారు. చిన్ని కృష్ణుడి ముందు చప్పట్లు కొడుతూ ఊరిస్తారు, ఆయన వాళ్ల చేతిలో బొమ్మలా ఆడతాడు, పాడతాడు. "ఆ పీట పట్రా", "ఆ కొలపాత్ర పట్రా", "చెప్పులు తెచ్చిపెట్టు" అని పురమాయిస్తారు. ఆయన తెస్తాడు. మోయలేనట్టు చేతులు ఊపుతూ వాళ్లని నవ్విస్తాడు. జగత్తుని మోసేవాడు పీట మోయలేకపోవడం అనే రసం సరే, వ్యాఖ్యాతలంతా దాని మీద రాశారు. నేను చూసేది ఇంకోటి. ఆ వ్రేపల్లెలో పిల్లాడి ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. వాళ్లు ఒక మాట అంటే ఆయన ఒక పని చేస్తాడు, ఆయన చేసిన దానికి వాళ్లు స్పందిస్తారు. పెరుగు చిలుకుతూ యశోదమ్మ పాడుకున్న పాటలు కూడా వేరే ఎవరివో కాదు, తన కొడుకు అల్లరి మీదవే.

మన సంస్కారాలన్నీ కూడా ఇలాగే మనిషి నోటి నుంచి మనిషి చెవికి డిజైన్ చేసినవే. శ్రీమంతానికి మూలమైన సీమంతోన్నయనంలో వీణ వాయించేవాళ్లని పిలిచి సోమరాజుని కీర్తిస్తూ పాడమని చెప్పాలంటుంది ఆశ్వలాయన గృహ్యసూత్రం. ఎదురుగా కూర్చుని పాడే మనుషులు. బృహదారణ్యక ఉపనిషత్తు చివర్లో, పుట్టిన బిడ్డ కుడి చెవి దగ్గర తండ్రి "వాక్" అనే మాటని మూడుసార్లు పలకాలని ఉంది. మొత్తం వేదం వినిపించమనలేదు. ఒక్క మాట, మూడుసార్లు, తండ్రి ఊపిరి తగిలేంత దగ్గరగా. బారసాలలో బియ్యంలో పేరు రాసి బిడ్డ చెవిలో చెప్పేదీ అలాగే.

ఇప్పుడు అదే బారసాల ఎలా చేస్తున్నాం? ఫంక్షన్ హాల్, స్టేజీ, నాలుగు పెద్ద సౌండ్ బాక్సులు, ఉయ్యాలకి ఆరడుగుల దూరంలో. ఇరవై ఒక్క రోజుల బిడ్డ. ఆ రాత్రి గుక్కపట్టి ఏడుస్తుంటే అమ్మమ్మ "అంతమంది చూశారు, దిష్టి తగిలింది" అంటుంది. నేను దిష్టిని వెక్కిరించను. ఆవిడ చేసే పని చూడండి: ఉప్పుతో దిష్టి తీసి, లైట్ తీసేసి, లోపలి గదిలోకి తీసుకెళ్లి ఒళ్లో వేసుకుని జోకొడుతుంది. శబ్దం, వెలుతురు, కొత్త చేతులు ఎక్కువైపోయిన పసిబిడ్డకి పిల్లల డాక్టర్ చెప్పే మందు కూడా అదే. నెలల బిడ్డ మొహం పక్కకి తిప్పేసుకుంటున్నా, వేళ్లు బిగిస్తున్నా, వెనక్కి విరుచుకుంటున్నా "ఇక చాలు" అంటున్నట్టు. అప్పుడు ఇంకో గిలక్కాయ తేవడం కాదు, గదిలో సందడి తగ్గించాలి.

రాత్రంతా స్తోత్రం మోగించడం దగ్గరికి వద్దాం. 2003లో అమెరికాలో ఎలుక పిల్లల్ని ఆపకుండా మోగే శబ్దంలో పెంచి చూశారు. మెదడులో వినికిడి భాగం ఎదగాల్సిన వేగంతో ఎదగలేదు, ఆలస్యమైంది. ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దం ఉంటేనే ఏది మాటో ఏది గోలో మెదడుకి తెలుస్తుంది అనే సంగతి దాంట్లో ఉంది. 2014లో కెనడాలో, పసిపిల్లలు నిద్రపోవడానికి అమ్మే 14 శబ్ద యంత్రాల్ని పరీక్షించారు. ఫుల్ వాల్యూమ్‌లో 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొలిస్తే అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. ఆసుపత్రిలో పసిపిల్లల గదికి సిఫార్సు చేసిన పరిమితి అది. మూడు యంత్రాలైతే 85 కూడా దాటాయి. ఉయ్యాల పక్కన దిండు మీద పెట్టిన ఫోన్ ఎంత దూరంలో ఉంటుందో మీరే లెక్కేయండి.

పగలు టీవీలో భక్తి ఛానెల్ నడుస్తూ ఉండడం కూడా లెక్కలోకి వస్తుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లల చొక్కాకి చిన్న రికార్డర్ పెట్టి చూస్తే, టీవీ మోగే ప్రతి గంటకీ పెద్దవాళ్ల నోటి నుంచి పిల్లలు వినే మాటలు సగటున 770 తగ్గాయి. పాప టీవీ చూడకపోయినా ఇంట్లో మిగతావాళ్లు మాట్లాడడం ఆపేస్తారు, అదీ సంగతి. అందులో వచ్చేది సీరియలా, సుప్రభాతమా అని ఆ 770 మాటలకి తేడా ఉండదు.

తిరుమలలో చూడండి. రాత్రి ఏకాంత సేవలో తాళ్లపాక వంశస్థులు స్వామికి లాలి పాడతారు. పాట అయ్యాక తలుపులు మూస్తారు. తెల్లవారి సుప్రభాతం దాకా స్వామికి కూడా నిశ్శబ్దమే, లూప్‌లో పెట్టరు. భారతంలో అష్టావక్రుడు కడుపులో ఉండగానే తండ్రితో "రాత్రంతా వల్లెవేస్తున్నావు, అయినా సరిగ్గా రావట్లేదు" అన్నాడట. తండ్రికి కోపం వచ్చి శపించాడనుకోండి, అది వేరే కథ.

అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్ల కోసం ఒకటి. వాంకూవర్‌లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో హిందీ "త", "ట" శబ్దాల మీద ఒక పేపర్ రాశారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఈ రెంటి తేడా చక్కగా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి చాలామందికి అది పోయింది. ఇంట్లో ఎవరూ ఆ తేడాతో మాట్లాడకపోతే మెదడు దాన్ని అనవసరమని పక్కన పెట్టేస్తుంది. "తల", "టపా" అని తేడాగా పలకలేని పిల్లలు మీకు తెలిసే ఉంటారు. తర్వాత నేర్చుకోలేరని కాదు, కష్టం ఎక్కువవుతుంది. కాబట్టి స్లోకాల క్లాసుకి ఐదో ఏట చేర్పిద్దాంలే అనుకునేలోపు, ఉయ్యాల్లోనే తెలుగులో మాట్లాడండి. డైపర్ మారుస్తూ, పప్పు కలుపుతూ మాట్లాడినా చాలు.

"మరి అమ్మమ్మ రాజమండ్రిలో, మేం డల్లాస్‌లో" అంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలే వద్దంది. కానీ ఇంటావిడ పక్కన కూర్చుని, అవతల అమ్మమ్మ పాప మొహం చూస్తూ పాడుతూ, పాప కేరింతకి తను ఆగి నవ్వుతుంటే అది రికార్డెడ్ వీడియో లాంటిది కాదు. రెండేళ్లు దాటిన పిల్లలతో 2014లో చేసిన ప్రయోగంలో, లైవ్ వీడియో కాల్‌లో మనిషి నుంచి కొత్త మాటలు నేర్చుకున్నారు, అదే మనిషి రికార్డింగ్ నుంచి నేర్చుకోలేదు. ఏడాది లోపు పిల్లలకి అదే ఫలితమని నేను అనను, కానీ ఆ కాల్ ఆపేయమని మాత్రం చెప్పను.

ఇంకో ముఖ్యమైన పని, స్తోత్రం కన్నా ముందు చేయాల్సింది. పుట్టిన నెల లోపు వినికిడి పరీక్ష చేయించండి. నిద్రలో ఉండగా చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి నిమిషాల్లో చేసేస్తారు, నొప్పి ఉండదు. అనుమానం ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స లేదా సాయం మొదలవ్వాలని డాక్టర్ల లెక్క. "మా వంశంలో మాటలు లేటే" అని రెండేళ్లు ఆగకండి. బిడ్డకి వినబడదని తేలితే అది పూర్వజన్మ పాపమని ఎవరైనా అంటే, వాళ్లని గుమ్మం దగ్గరే ఆపేయండి. సైగల భాష మాట్లాడే ఇళ్లలో పుట్టిన చెవిటి పిల్లలు మిగతా పిల్లలు నోటితో ముద్దుమాటలు పలికే వయసులోనే చేతులతో పలుకుతారని 1991లో గమనించారు. వాక్కుకి శబ్దం ఒక దారి, చేతులు ఇంకో దారి.

ఇక మొదటి ప్రశ్నకి, ఏ స్తోత్రం, ఎంతసేపు? మీకు నోటికి వచ్చింది ఏదైనా. గర్భిణి తనకి హాయిగా ఉన్నంతసేపు పైకి చదువుకుంటే చాలు, అలసటగా ఉంటే మానేయాలి. ఇంట్లో గొడవలు, అత్తింటి దెప్పిపొడుపులు ఆపగలిగితే ఆ పని ముందు చేయండి, నారదుడు చేసింది అదే. పుట్టాక స్నానం చేయించేటప్పుడో, పడుకోబెట్టేటప్పుడో ఒక్క నామం పాడండి, పాప ఏదో అంటే ఆగండి, తను చెప్పేది విని మళ్లీ మొదలుపెట్టండి. నాన్నలూ పాడాలి. "నాకు శృతి లేదండీ" అని ఒకాయన అన్నారు. మూడు రోజుల పిల్లలు హెడ్‌ఫోన్స్‌లో తల్లి గొంతునే వెతుక్కున్నారు కదా, ఆ తల్లుల్లో ఎంతమందికి శృతి ఉందో ఎవరూ అడగలేదు. అక్షరం తప్పుతుందని భయమైతే మన వీడియో మీరు చూసి నేర్చుకోండి, తర్వాత ఫోన్ పక్కన పెట్టి మీ గొంతుతో పాడండి.

వచ్చే శనివారం వీడియో దామోదర లీల మీద. నలభై నిమిషాలు ఉంది. పాప పడుకున్నాక చూడండి.